పాముల మేస్త్రి మాట

మా అక్క మొగుడికి పాములంటే భయం లేదని అందరూ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆయనకి పాములంటే చచ్చేంత భయం. ఆ భయం ఉంది కాబట్టే ముప్పై ఏళ్లు వాటి మధ్య పనిచేసి పదివేళ్లతో మిగిలాడు. ధైర్యవంతులు ఎప్పుడో పోయారు. ఈ మాట నాది కాదు, ఆయనదే. ఆయన పక్కన కూర్చుని మేకులు పీకుతూ ఇరవై ఏళ్లు ఇలాంటివి విన్నాను కాబట్టి నాకు కంఠతా వచ్చాయి.

మేం పనిచేసేది పాత కలప అడితిలో. ఎక్కడ పాత ఇల్లు కూల్చినా దాని తలుపులు, కిటికీలు, దూలాలు, పెంకులు, ఇనప ఊచలు లారీలో మా దగ్గరికి వస్తాయి. తలుపులు ఒక వరస, కిటికీలు ఒక వరస, దూలాలు వెనక గోడ పక్కన రేకుల కింద. నా పని వాటికున్న మేకులు పీకడం, పాత రంగు గీకడం, చెద తిన్న ముక్కని వేరు చెయ్యడం. చేతిలో సుత్తి దిగదనీ, నోరు ఆగదనీ నన్ను సుత్తి పిన్ని అంటారు. అననివ్వండి, నా సొమ్మేం పోయింది.

కలప పేర్చిన చోట ఎలకలుంటాయి. ఎలకలున్న చోటికి పాములు రాకుండా ఎక్కడికి పోతాయి? అడితి వెనక మురుగు కాలవ ఒకటి, దాని గట్టు మీద ముళ్లపొదలు. వానాకాలం వస్తే వాటికి మా అడితి పుట్టింటితో సమానం. తలుపుల వరసలో నాగుపాము, పెంకుల కింద ఎండుటాకుల్లో రక్తపింజరి, దూలాల సందుల్లో కట్లపాము, జెర్రిపోతు మాత్రం ఎక్కడ పడితే అక్కడ. కొత్తగా చేరిన హమాలీలు మూడోరోజుకి పారిపోయేవాళ్లు. మిగిలినవాళ్లు మిగిలింది మా బావని చూసుకునే.

ఆయన అక్కడ మేస్త్రి. ఏ సరుకు ఎక్కడ పేర్చాలో, దేన్ని ముందు దించాలో చెప్పడం ఆయన పని. దానితో పాటు పలక ఎలా ఎత్తాలో కూడా ఆయనే నేర్పేవాడు. ముందు గడ్డపారతో మూడు దెబ్బలు కొట్టాలి. తర్వాత వంద దాకా లెక్కపెట్టాలి, గబగబా కాదు, మోకాళ్లనొప్పుల మనిషి మెట్లెక్కినంత నెమ్మదిగా. కింద ఉన్నదానికి పోవాలని ఉంటే ఆ లోపల పోతుంది. అప్పుడు పొడుగు కొక్కెం తగిలించి పలక అవతలి అంచుని ఎత్తి మనవైపుకి వాల్చాలి. ఇవతలి అంచు ఎత్తావో, లోపలున్నది తిన్నగా నీ కాళ్ల మీదికే వస్తుంది. అవతలి అంచు ఎత్తితే దానికీ నీకూ మధ్య పలక అడ్డుంటుంది. కన్ను వెళ్లని చోటికి చెయ్యి వెళ్లకూడదు అని రోజుకి పదిసార్లు అనేవాడు. అంటుంటే మాకు విసుగొచ్చేది.

విషం లేని పాముని మా అడితిలో ఉత్తది అంటారు. కట్లపాముకి అచ్చం కవలపిల్ల లాంటి ఉత్తది ఒకటుంది. అదే నలుపు, అవే తెల్లచారలు, అంతే సన్నం. తేడా అంతా మెడ దగ్గర. ఉత్తదానికి చారలు మెడ నుంచే మొదలై తోకవైపు పోయేకొద్దీ చెరిగిపోతాయి. కట్లపాముకి మెడ దగ్గర వట్టి నలుపే. బెత్తెడు కిందికి వచ్చాక చారలు మొదలై తోకదాకా ఉంటాయి. ఈ తేడా పట్టాలంటే దగ్గరగా, నిదానంగా చూడాలి. పాము కనపడగానే దగ్గరగా, నిదానంగా చూసే మనిషిని నేను ఒక్కణ్నే ఎరుగుదును.

అందుకని ఎవరికి ఏది కరిచినా ముందు కబురు బావకే. ఆయన వచ్చి గొంతుకూర్చుని చూసి "ఉత్తదే" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. కరిపించుకున్నవాడు సబ్బుతో కడుక్కుని మళ్లీ బరువెత్తుకునేవాడు. "పద ఆసుపత్రికి" అన్నాడంటే యజమాని నోరెత్తకుండా వ్యాను తాళాలు తీసిచ్చేవాడు. అలా తొమ్మిది మందిని వ్యానెక్కించాడు, తొమ్మిది మందీ బతికారు. ఉత్తదే అని వెనక్కి పంపినవాళ్లకి లెక్కలేదు, వాళ్లూ నిక్షేపంగా ఉన్నారు. ఆయన వచ్చాక పని ఆగిపోయే రోజులు తగ్గాయి. అందుకే నడుం పడిపోయినా, బరువులు ఎత్తలేకపోయినా యజమాని ఆయన్ని తీసెయ్యలేదు. ఆ ఒక్క మాట కోసం ఉంచుకున్నాడు. ఆ సంగతి బావకీ తెలుసు.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఈ చెప్పబోయేది జరగడానికి రెండేళ్ల ముందు నుంచి నాకు కనపడాల్సినవి కనపడుతూనే ఉన్నాయి. తలుపుల మీద సుద్దముక్కతో కొలతలు రాస్తాం. అవి ఆయన చదవడం మానేశాడు. "నువ్వు చదువమ్మా, చదువుకున్నదానివి" అని మా అమ్మాయికి పురమాయించేవాడు. పిల్లని గారం చేస్తున్నాడనుకున్నాను. మందుబిళ్లల అట్టని చెయ్యంత దూరం చాపి చూసేవాడు. చొక్కా గుండీ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా పెట్టుకొచ్చేవాడు. ఓరోజు అన్నాను కూడా.

"కళ్లద్దాలు పెట్టించుకోరాదా బావా."

"కళ్లద్దాలు పెట్టుకున్న పాముల మేస్త్రి మాట ఎవడు నమ్ముతాడే మరదలా? పాము కూడా నవ్వుతుంది."

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

మా అమ్మాయికి అప్పుడు పద్దెనిమిది. మా ఆయన లారీ మీద నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి ఇంట్లో నేనూ అదీ. చదువు అయిపోయి ఇంకో దాంట్లో చేరేదాకా ఖాళీగా ఎందుకని నాతో అడితికి వచ్చేది. టేపుతో కిటికీలు కొలిచి రాయడం దాని పని. ఒక్కతే కూతురు. ఇద్దరు పోయాక పుట్టింది. ఇంతకంటే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆరోజు ఉదయం ఎవరో నలభై కిటికీలు కావాలని వచ్చారు. ముందురోజు వాన పడి కాలవ పొంగింది. యజమాని మీద వాళ్లూ, మా మీద యజమానీ తొందర. హమాలీలు కిటికీలు దించుతుంటే మా అమ్మాయి కొలుస్తోంది. టేపు చివర రెండు చట్రాల మధ్య సందులో ఇరుక్కుంది. లాగితే రాలేదు. వేళ్లు పెట్టి తియ్యబోయింది.

"అమ్మా, ఏదో గుచ్చింది."

మేకేమో అనుకున్నాను. ఎన్ని పీకినా ఒకటి మిగిలే ఉంటుంది కదా. అంతలో ఆ సందులోంచి నల్లటిది జర్రున బయటికొచ్చింది. బండోడని ఒక హమాలీ ఉన్నాడు, ఒళ్లు పెద్దది, బుర్ర చిన్నది. చేతిలో ఉన్న పారతో దాని తల మీద ఒక్కటిచ్చాడు. తల అప్పచ్చి అయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సుత్తి ఎక్కడ పడేశానో కూడా తెలీదు.

బావ వచ్చాడు. అందరూ పక్కకి తప్పుకున్నారు. గడ్డపార కొసతో పాముని వెల్లకిలా తిప్పాడు, మళ్లీ బోర్లా తిప్పాడు. కొంచెం వంగాడు. వెనక్కి జరిగి మళ్లీ వంగాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను, పాముని చూడలేదు. నా కళ్లు శుభ్రంగా పనిచేస్తాయి. చారలు ఎక్కడ మొదలయ్యాయో నేనే చూసి ఉండొచ్చు. ఆయన ఉండగా నేను చూడ్డమేంటి అనుకున్నాను.

"ఉత్తదే" అన్నాడు.

అంతే, ఎవరి పనికి వాళ్లు పోయారు. పోయిన ప్రాణం తిరిగొచ్చాక నాకు ముందు కోపం వస్తుంది, అది నా జబ్బు. దాన్ని నాలుగు తిట్టాను. "సందులో చెయ్యి పెట్టొద్దని పెదనాన్న చిలక్కి చెప్పినట్టు చెప్తూనే ఉన్నాడు కదే. వెళ్లు, కడుక్కుని వచ్చి కూర్చో." చిటికెన వేలి పక్కన సూదితో పొడిచినట్టు రెండు చుక్కలున్నాయి. వాపు లేదు, మంట లేదు. నొప్పేమైనా ఉందా అంటే లేదంది. కట్లపాము కరిస్తే నొప్పి ఉండదని అడితిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా, నొప్పి లేదు కదా అని సంతోషించాను. నా చేతులతో నేనే దాన్ని మళ్లీ పనిలో కూర్చోబెట్టాను.

బావ చచ్చిన పాముని పార మీద ఎత్తుకుని గేటు బయటికి పోయాడు. అక్కడ ఏం జరిగిందో తర్వాత టీ కొట్టతను చెప్పాడు. బావ పాముని పారబొయ్యకుండా కొట్టు పక్కన ఎండలో పెట్టి దాని ముందు చాలాసేపు కూర్చున్నాడట. దగ్గరగా చూశాడట, దూరంగా చూశాడట. ఆఖరికి టీ కొట్టతన్ని పిలిచాడట.

"ఇలా రా ఒకసారి. దీని మెడ దగ్గర చారలున్నాయా?"

"తల పచ్చడైపోయింది కదా మేస్త్రీ."

"తల కాదు, మెడ. తల కింద."

"అక్కడేం లేవు. నల్లగా ఉంది. ఇదిగో, ఇక్కడ్నించి మొదలయ్యాయి."

"సరిగ్గా చూశావా?"

"కళ్లెదురుగా ఉంటే ఇంకెలా చూడాలి?"

అంతకు ముందు మా బావ పరిగెత్తగా నేను చూడలేదు. నడుం పట్టేసిన మనిషి. అలాంటిది గేటులోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో బకెట్టు, అందులో పాము. తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"పిల్లని వ్యానెక్కించు మరదలా."

"ఏమైంది?"

"అది కట్లపాము."

యజమాని పక్కనే ఉన్నాడు. వ్యానులో అప్పటికే పన్నెండు కిటికీలు ఎక్కించి ఉన్నాయి. "ఉత్తదే అన్నావు కదయ్యా ఇందాక" అన్నాడు.

అక్కడ ఆయన ఏదైనా చెప్పి ఉండొచ్చు. మళ్లీ చూశాను, అనుమానం వచ్చింది అంటే సరిపోయేది. ఎవరూ గుచ్చి అడిగేవాళ్లు కాదు. ఆయన అలా అనలేదు. హమాలీలందరూ వింటుండగా గట్టిగానే చెప్పాడు.

"అన్నాను. నాకు కనపడలేదు. రెండేళ్లయింది నాకు దగ్గరివి కనపడక. చారలు చూడకుండానే అనేశాను. ఇందాకా చూడలేదు, అంతకు ముందు చాలాసార్లూ చూడలేదు."

బావ వ్యానెక్కి కిటికీలు కిందికి గిరాటెయ్యడం మొదలుపెట్టాడు. రెండింటి అద్దాలు పగిలాయి. అప్పుడు కదిలారు అందరూ. పిల్లని నడవనివ్వలేదు, బండోడు చంటిపిల్లలా ఎత్తుకొచ్చాడు. బావ దాని చేతికి చెక్కముక్క ఆనించి, నా పైట చెంగు చింపి, కదలకుండా చుట్టాడు. మేం బయల్దేరేసరికి కరిచి ముప్పావుగంట దాటింది.

ఆసుపత్రి ఇంకో అరగంట దూరం. మొదటి పది నిమిషాలు మా అమ్మాయి బాగానే ఉంది. నా మొహం చూసి నవ్వింది కూడా. తర్వాత కడుపులో నొప్పిగా ఉందంది. ఆకలేమో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. ఇంకాస్త దూరం పోయాక, "అమ్మా, నువ్వు ఇద్దరు కనిపిస్తున్నావేంటి" అంది. కనురెప్పలు వాలిపోతున్నాయి. వేళ్లతో ఎత్తి పట్టుకోబోయింది, చెయ్యి లేవలేదు. బావ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని కిటికీల కొలతలు అడుగుతూనే ఉన్నాడు. మొదటిది ఎంత, రెండోది ఎంత అని. అది చెప్పింది, చెప్పింది, మాట ముద్దగా అయింది, తర్వాత పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బకెట్టులోకి ఒక్కసారి తొంగిచూసి మందు ఎక్కించమని కేకేసింది. ఊపిరి దానంతట అది తీసుకోలేకపోతే గొంతులో గొట్టం వేసి మిషను పెట్టారు. అవన్నీ అయ్యాక బయటికొచ్చి అడిగింది.

"ఇంతసేపు ఎందుకు ఆగారు? విషం లేని పామని మీకు చెప్పిందెవరు?"

బల్ల మీంచి బావ లేచాడు. "నేనేనండి."

"పాముని పట్టుకుని తీసుకొచ్చిందెవరు?"

"నేనేనండి."

ఆవిడ ఆయన్ని కిందికీ పైకీ చూసి లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులు నా కూతురు కళ్లు తెరవలేదు. లోపల అన్నీ వినపడుతుంటాయి, కదలలేరు అంతే అని నర్సు చెప్పింది. అది విన్నాక నేను దాని చెవి దగ్గర కూర్చుని ఆపకుండా మాట్లాడాను. జీవితంలో ఆ ఒక్కసారే నా నోటికి పని దొరికింది. బావ వరండాలో బల్ల మీదే ఉన్నాడు. లోపలికి రాలేదు. మా అక్క తిండి తెచ్చిపెడితే ముట్టలేదు. రెండో రోజు నేను బయటికొచ్చి ఆయన ముందు నిలబడి అన్నాను.

"నీ కళ్లు పోయాయని తెలుసుకోవడానికి నీకు నా కూతురే దొరికిందా?"

ఆయన తల ఎత్తలేదు. ఎత్తి ఏదైనా అని ఉంటే తిరిగి ఇంకో పది అనేదాన్ని. అనకపోయేసరికి ఆ కోపం అలాగే నాలో ఉండిపోయింది.

మూడోరోజు ఉదయం దాని కుడిచేతి వేలు కదిలింది. సాయంత్రానికి రెప్పలు లేచాయి. వారం తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగు నెలల దాకా గొంతు బొంగురు పోలేదు. అద్దంలో చూసుకుని "నా గొంతులోంచి ఎవరో మగాడు మాట్లాడుతున్నాడమ్మా" అని అదే నవ్వేది. దానికి వాళ్ల పెదనాన్న మీద రవ్వంత కోపం లేదు. పెదనాన్న వచ్చి చెప్పకపోతే నేను ఉండేదాన్నా అంటుంది. ఆ చెప్పకపోతే అనేదాకా తెచ్చిందెవరే అంటాను నేను. చంపబోయింది ఆయనే, బతికించింది ఆయనే. ఒకే మనిషిని ఒక చేత్తో కొట్టి ఇంకో చేత్తో దండం పెట్టడం నాకు రాదు. అందుకని మాట మానేశాను.

రెండిళ్లకీ మధ్య ఒక్క గోడ. ఏడు నెలలు ఆ గోడకి ఇటు నేను, అటు ఆయన. అడితిలో పది అడుగుల దూరంలో కూర్చునేవాళ్లం. ఏదైనా చెప్పాలంటే మా అమ్మాయితో చెప్పించేదాన్ని. మధ్యలో మా అక్క అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. "మొగుడు కావాలా చెల్లెలు కావాలా అంటే నేనెక్కడికి పోనే" అని ఓరోజు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అయినా మాట్లాడలేదు.

ఆ ఏడు నెలల్లో ఆయన రెండు పనులు చేశాడు. మొదటిది, కళ్లద్దాలు పెట్టించుకున్నాడు. సీసా అడుగుల్లాంటి అద్దాలు, చెవి వెనక్కి తాడు. రెండోది, యజమానితో మాట్లాడి ఒక నియమం పెట్టించాడు. ఎవరికి ఏం కరిచినా పాముని చూడ్డం లేదు, అడగడం లేదు, తిన్నగా వ్యానెక్కాలి. ఒక మనిషి తోడు వెళ్లాలి. ఆసుపత్రిలో ఒక రోజంతా ఉండి రావాలి.

యజమాని సరేనన్నాడు గానీ మనుషులు సరేననలేదు. ఒక రోజు ఉండాలంటే ఒక రోజు కూలి పోతుంది. కరిచినవాడు వచ్చి బావ ముందే నిలబడేవాడు.

"ఇప్పుడు అద్దాలున్నాయి కదా మేస్త్రీ. చూసి చెప్పరాదూ."

"నాకు తెలీదు. వ్యానెక్కు."

"చూడకుండానే తెలీదంటే ఎలా?"

"చూడకుండానే తెలుసన్నాను ఇన్నాళ్లూ. అప్పుడడిగావా ఎలా అని?"

అలా ముగ్గురు తిరిగి వెళ్లారు, వ్యానెక్కకుండా. మేస్త్రికి బెదురు పట్టుకుంది, తాడు చూసినా పామంటున్నాడు అని నవ్వుకున్నారు. ఆయన్ని అడగడం మానేశారు. బండోణ్ని అడగడం మొదలుపెట్టారు. వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం బావలా తల పక్కకి వంచి "ఉత్తదే" అనేవాడు. వాడికి వానపాముకీ వాసుకికీ తేడా తెలీదు. రెండుసార్లు వాడి అదృష్టం బాగుంది. వాడు ఆ మాట అన్నప్పుడల్లా బావ చేతిలో గడ్డపార ఆగిపోవడం నేను చూసేదాన్ని. మాట్లాడకపోయినా చూడ్డం మానలేదు కదా. మళ్లీ ఎవరో తల్లి నా చోట నిలబడుతుందని నాకూ తెలుస్తూనే ఉంది. నియమం కాగితం మీద ఉంది. మాట మాత్రం జనం నోళ్లలో అలాగే తిరుగుతోంది. దాన్ని నేర్పింది ఆయనే, ఆపడం ఆయన వల్ల కావడం లేదు.

ఓరోజు టీ వేళకి అందరూ తలుపుల వరస దగ్గర చేరారు. ఒక పెద్ద వీధి తలుపు నేలమీద పడుకోబెట్టి ఉంది. దాన్ని ఎత్తమని బండోడికి చెప్పి, మళ్లీ వద్దులే అని బావే వంగాడు. మూడు దెబ్బలు కొట్టలేదు. లెక్కపెట్టలేదు. కొక్కెం పక్కనే ఉంది, తీసుకోలేదు. ఇవతలి అంచు కింద చెయ్యి పెట్టాడు. ఇరవై ఏళ్లలో ఆయన అలా చెయ్యడం నేను చూడలేదు. దాని కింద తోక కనపడుతోందని కూర్చున్న చోటు నుంచి నాకే తెలుస్తోంది. కావాలనే పెట్టాడని నా అనుమానం. అడిగితే చెప్పడు, నేను అడగను.

చెయ్యి వెనక్కి తీసేసరికి బొటనవేలి పక్కన రక్తం కారుతోంది. పాము తలుపు కిందనుంచి బయటికి వచ్చి, తనకేం తొందర లేనట్టు మా అందరి ముందు నుంచీ కాలవవైపు పోయింది. ఏడడుగుల పైన ఉంటుంది, గోధుమరంగు. జెర్రిపోతు. బడికి పోని పిల్లాణ్ని అడిగినా చెప్తాడు.

బండోడు పకపకా నవ్వాడు. "జెర్రిపోతు మేస్త్రీ. ఉత్తదే. కడుక్కోండి."

బావ కళ్లద్దాలు తీసి, చొక్కాతో తుడిచి, పెట్టుకుని, అది పోయినంతసేపూ దానివైపు చూశాడు. చూశాక, "ఏ పామో నాకు తెలీదురా. వ్యాను తియ్యమను" అన్నాడు.

యజమాని లోపల్నుంచి వచ్చాడు. "నీకు జెర్రిపోతు తెలీకపోవడమేంటయ్యా? నీ వయసంతా వాటితోనే గడిచింది."

"తెలుసనుకున్న రోజు ఏమైందో చూశారు కదండీ. నాకు తెలీదు. రేపటి దాకా రాను, కూలి రాసుకోకండి."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఆయన గడ్డపార గోడకి ఆనించి, రక్తం కారుతున్న చెయ్యిని రొమ్ముకి ఆనించుకుని, నడుం పట్టుకుని వ్యానెక్కి కూర్చున్నాడు. తోడు ఒకరు వెళ్లాలి కదా. హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జెర్రిపోతు కరిచిన మనిషికి తోడు వెళ్లి రోజు కూలి ఎవడు పోగొట్టుకుంటాడు? మా అమ్మాయి లేచింది. నేను దాని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాను. సుత్తి కింద పెట్టి వెళ్లి వ్యానెక్కాను. తర్వాత నెలలో బండోడి మడమ మీద ఏదో కరిస్తే ఎవరినీ అడక్కుండా వాడంతట వాడే వెళ్లి అదే సీటులో కూర్చున్నాడు.

వ్యాను ఆసుపత్రి దారి పట్టింది. పోయినసారి అదే దారిలో నా ఒళ్లో ఎవరున్నారో ఇద్దరికీ గుర్తుంది. ఆయన కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఉన్న ఒక్క మంచి చెయ్యితో సీటు పట్టుకున్నాడు. నేను చూడనట్టే బయటికి చూశాను.

ఆసుపత్రిలో నర్సు గాయం కడిగి, కట్టు కట్టి, కాగితం తీసుకుంది.

"ఏం పాము కరిచింది?"

అడితిలో అంతమంది ముందు తెలీదని తడుముకోకుండా అన్నవాడు, ఆ చిన్నపిల్ల అడిగితే నావైపు చూశాడు. నేను పది అడుగుల నుంచి తల నుంచి తోకదాకా చూశానని ఆయనకి తెలుసు.

"మీరున్నారా అమ్మా అక్కడ? చూశారా?"

"ఉన్నాను, చూశాను" అన్నాను. "ఏ పామో మాకు తెలీదు."

నర్సు రాసుకుంది. రేపు ఈ వేళ దాకా ఉంచాలి, తోడు ఎవరైనా ఉంటారా అని అడిగింది.

"నేనుంటాను" అన్నాను. "మా బావ ఈయన."